నెల్లూరు తీరం ఎందుకంత ఖాళీగా ఉంటుంది?

చెన్నై నుంచో బెంగళూరు నుంచో వీకెండ్‌కి బయల్దేరేవాళ్లకి నెల్లూరు తీరం గురించి చెప్పేటప్పుడు అందరూ వాడే మాట ఒకటే: అక్కడ జనం ఉండరు. మైపాడు, కొత్తకోడూరు, రామతీర్థం, తుమ్మలపెంట... ఏ బీచ్ ఫొటో చూసినా అదే వరస. పొడుగ్గా ఇసక, వెనక సరుగుడు తోట, ఒడ్డున బోర్లించిన రెండు పడవలు. కొంచెం దక్షిణానికి పోతే పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు, నేలపట్టులో గూడబాతులు, శ్రీహరికోటలో రాకెట్లు. మహాబలిపురంలోలాగా తోసుకోవడం లేదు, విశాఖలోలాగా అపార్ట్‌మెంట్లు లేవు. ఈ తీరానికి ఉన్న ఆకర్షణ అంతా ఈ ఖాళీలోనే ఉంది.

ఉమ్మడి నెల్లూరు జిల్లాకి 169 కిలోమీటర్ల తీరం ఉండేది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట, శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. కానీ ఉప్పుటేరులకి జిల్లా సరిహద్దులతో పనిలేదు కాబట్టి ఇక్కడ మొత్తాన్నీ నెల్లూరు తీరమనే అందాం. మద్రాసు వాళ్లకి ఇది ఉత్తరం, మిగతా ఆంధ్రులకి దక్షిణపు చివర. రెండు వైపుల నుంచీ అంచే. అంచుల్లో ఖాళీ సహజమే కదా అనిపిస్తుంది.

సహజం కాదనేది నా వాదన. ఈ తీరం రెండు వేల ఏళ్లుగా ఓడల్ని చూసింది. ఇక్కడ మనం ప్రశాంతత అనుకుంటున్న దాంట్లో కొంత ఇసక చేసిన పని, కొంత వ్యాపారం చేసిన పని, ఇంకొంత ప్రభుత్వాలు చేసిన పని. ఏది ఎవరి పనో తెలిస్తే అదే బీచ్ ఇంకోలా కనిపిస్తుంది.

నాగలికి తగిలిన రోము

1786 ప్రాంతంలో నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతుంటే నాగలి ఇటుక కట్టడానికి అడ్డుపడింది. తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలం. దాని కింద ఒక కుండ, కుండలో బంగారు నాణేలు. అవి ఎక్కడివో రైతుకి తెలిసే అవకాశం లేదు. పాత బంగారం కింద అమ్మేశాడు. చాలావరకు కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు కొడుకు అమీరుల్ ఉమరా ముప్ఫైకి పైగా నాణేల్ని తిరిగి సంపాదించగలిగాడు. అవి ట్రాజన్, హేడ్రియన్, ఫాస్టీనాల బొమ్మలున్న రెండో శతాబ్దపు రోమన్ నాణేలు. అప్పట్లో మద్రాసు గవర్నరుగా ఉన్న అలెగ్జాండర్ డేవిడ్‌సన్ వాటిలో తను రెండు ఎంచుకున్నానని చెబుతూ ఈ సంగతి రాస్తే 'ఏషియాటిక్ రీసెర్చెస్' రెండో సంపుటంలో అచ్చయింది.

డేవిడ్‌సన్ రాసినదాంట్లో నాకు బాగా నచ్చిన వివరం ఒకటుంది. కొన్ని నాణేలు నిన్న టంకసాల నుంచి వచ్చినట్టు మెరుస్తున్నాయట. కొన్ని మాత్రం అరిగిపోయి, చిల్లులు పడి ఉన్నాయి. అంటే వాటిని ఎవరో చేతికో మెడకో నగలాగా వేసుకున్నారు. మన అమ్మమ్మల కాసులపేరు గుర్తు తెచ్చుకోండి. రోము చక్రవర్తి బొమ్మ పెన్నా ఒడ్డున ఎవరి మెడలోనో కాసు అయింది. మ్యూజియంలో అద్దాల వెనక పెట్టిన చరిత్ర కన్నా చిల్లు పడిన ఆ నాణెం ఎక్కువ చెబుతుంది. సముద్ర వ్యాపారం రేవులో ఆగిపోలేదు, ఊళ్లోకి, ఇంట్లోకి వచ్చింది.

పదమూడో శతాబ్దానికి వచ్చేసరికి ఆధారాలు ఇంకా గట్టిగా ఉన్నాయి. ఇప్పుడు కృష్ణపట్నం అంటే బొగ్గు, క్రేన్లు, థర్మల్ ప్లాంట్లు. అక్కడి తమిళ శాసనం ఒకటి ఆ రేవుని కొల్లితురై అనీ, గండగోపాల పట్టణం అనీ పిలుస్తుంది. దేశదేశాల వర్తకులు కూడి ఎగుమతి దిగుమతుల మీద కొంత గుడికి ఇవ్వాలని నిర్ణయించుకున్నారు. గండగోపాలుడు అనేది నెల్లూరు తెలుగు చోళుల బిరుదు. ఆ వంశంవాడే మనుమసిద్ధి. తిక్కన 'నిర్వచనోత్తర రామాయణం' అంకితమిచ్చింది ఆయనకే. నెల్లూరు అనగానే మనకి తిక్కన, పెన్నా, రంగనాథస్వామి గుడి గుర్తొస్తాయి. ఆ ఆస్థానానికి పాతిక ముప్ఫై కిలోమీటర్ల దూరంలో ఓడలు ఆగేవనీ, రాజు బిరుదే రేవు పేరయిందనీ గుర్తురాదు. మన సాహిత్య చరిత్ర పుస్తకాల్లో సముద్రం వాసన ఎందుకో తక్కువ.

ఇంకాస్త ఉత్తరాన, ఇప్పటి బాపట్ల జిల్లా మోటుపల్లిలో, కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం అందరికీ తెలిసిందే. తుఫానుకి ఓడ పగిలి సరుకు ఒడ్డుకి కొట్టుకొస్తే అంతకుముందు రాజులు దాన్ని పట్టుకునేవాళ్లు, తను అలా చెయ్యనని ఆయన మాట ఇచ్చాడు. సుంకం ముప్ఫైకి ఒకటి. మనుమసిద్ధి తరఫున సాయం అడగడానికి తిక్కన వెళ్లాడని చెప్పుకునేది ఈ గణపతిదేవుడి దగ్గరికే. ఆ కాలపు రాజకీయానికి తీరం అంచు కాదు, ఖజానా.

ఇసక రాసే చరిత్ర

మరి ఈ రేవులన్నీ ఏమయ్యాయి? రాజులు పోయారు, యుద్ధాలు జరిగాయి అనే జవాబు సగమే. మిగతా సగం కాళ్ల కింద ఉంది.

నెల్లూరు తీరంలో కొండ లేదు, రాయి లేదు. నైరుతి గాలులు వీచే నెలల్లో అలలు ఒడ్డు వెంబడే ఇసకని ఉత్తరానికి తోస్తాయి. ఈశాన్య రుతుపవనాల్లో కొంత వెనక్కి, దక్షిణానికి తోస్తాయి. మొత్తమ్మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. పెన్నా లాంటి నదిలో ఏడాదిలో కొన్ని నెలలే పెద్ద నీళ్లు వస్తాయి. మిగతా కాలంలో మొగని శుభ్రంగా ఉంచేంత బలం దానికి ఉండదు. ఇసక అడ్డుపడుతుంది, మొగ పూడుతుంది, ఎక్కడో పక్కన మళ్లీ తెగుతుంది. ఒక తరం ఓడలు దిగిన చోట ఇంకో తరానికి మోకాలి లోతు నీళ్లుంటాయి. పులికాట్ ముఖద్వారాలు పూడిపోతున్నాయని జాలర్లు ఇప్పటికీ పోరాడుతుండేది ఈ ఇసకతోనే.

అందుకే ఇక్కడ పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసేవి. ఒడ్డుకీ ఓడకీ మధ్య సరుకుల్నీ మనుషుల్నీ మోసింది మసూలా పడవలు. మేకులు కొట్టకుండా పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టి కట్టేవాళ్లు. అల తగిలితే పడవ విరగదు, కొంచెం వంగుతుంది. తీరానికి తగ్గ టెక్నాలజీ అది. ఈ రేవులకి గోడలు, మెట్లు, గోదాములు ఎక్కువగా అక్కర్లేదు. పడవా, దాన్ని నడిపే మనిషీ చాలు. వాళ్లు పక్క ఊరికి పోతే రేవు కూడా వాళ్ల వెంట పోతుంది. హంపీలోలాగా చూడ్డానికి రాళ్లు మిగలకపోవడానికి కారణం ఇదే.

చెన్నపట్నం కాలేకపోయిన ఊరు

వాకాడు మండలంలో దుగరాజపట్నం అని ఒక ఊరుంది. ఇంగ్లీషు వాళ్ల కాగితాల్లో దాని పేరు ఆర్మగాన్. తమకి సాయం చేసిన ఆర్ముగ మొదలియారు పేరు మీద అలా పిలిచారని 1873లో అచ్చయిన బాస్వెల్ నెల్లూరు జిల్లా మాన్యువల్ కాలం నుంచీ చెప్పుకుంటున్నారు.

ఈస్టిండియా కంపెనీ వాళ్లు 1626లో ఇక్కడ కొఠీ పెట్టారు. కారణం బట్ట. కోరమాండల్ అద్దకం బట్టలు ఇస్తే ఇండోనేషియా దీవుల్లో మిరియాలు, జాజికాయ, లవంగాలు వచ్చేవి. ఆ వ్యాపారంలో డచ్చి వాళ్లు అప్పటికే ముందున్నారు. పులికాట్‌లో వాళ్ల గెల్డ్రియా కోట 1613 నాటికే లేచింది. మచిలీపట్నంలో ఇబ్బందులు పడుతున్న ఇంగ్లీషు వాళ్లకి ఒక సొంత మూల కావాల్సొచ్చింది. 1628లో ఆర్మగాన్ బలం 12 ఫిరంగులు, ఉద్యోగులూ సైనికులూ కలిపి 23 మంది. ఇండియాలో ఇంగ్లీషు వాళ్లు కోట కట్టుకున్న తొలి చోట్లలో ఇదొకటి.

పద్నాలుగేళ్లు గడిచేసరికి వాళ్లకి అర్థమైంది, ఇక్కడ మంచి బట్ట చవగ్గా దొరకదు, డచ్చి వాళ్లు పక్కనే ఉన్నారు అని. ఆర్మగాన్ కొఠీ పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే దక్షిణానికి వెళ్లి, దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర 1639లో ఒక ఇసక తిన్నె పట్టా సంపాదించాడు. 1640లో సామాన్లు సర్దుకుని అక్కడికి పోయారు. ఆ ఇసక తిన్నె పక్కన పెరిగిన ఊరికి నాయకుడి తండ్రి చెన్నప్ప పేరు పెట్టారు. మీరు చెన్నై నుంచి నెల్లూరు వైపు వస్తున్నారంటే, ఫ్రాన్సిస్ డే వెళ్లిన దారిని తిరగేసి వస్తున్నట్టే.

దుగరాజపట్నంలో ఇప్పుడు చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. టూరిజం వాళ్ల జాబితాలో ఉండదు. అయినా ఆ ఊరిని రేవు కల వదల్లేదు. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూల్లో ఇక్కడ కొత్త మేజర్ పోర్టు కడతామనీ, 2018 చివరికి మొదటి దశ పూర్తవుతుందనీ రాశారు. ఆ గడువు దాటిపోయింది, ఓడ రాలేదు. ఒక పక్క శ్రీహరికోట, ఇంకో పక్క పులికాట్, అడుగున అదే ఇసక.

ఇక్కడి వ్యాపార చరిత్ర గురించి రొమాంటిగ్గా మాట్లాడేముందు ఇంకో సంగతి చెప్పుకోవాలి. పులికాట్ రేవు నుంచి డచ్చి వాళ్లు 1620ల నుంచి 1660ల దాకా వేలమంది మనుషుల్ని బానిసలుగా బటావియాకి ఎగుమతి చేశారు. కరువొచ్చినప్పుడల్లా ఆ సంఖ్య పెరిగేది. తిండిలేని తల్లిదండ్రులు పిల్లల్ని అమ్ముకున్నారు. అద్దకం బట్టలతో పాటు అదే ఓడలో మనుషులూ వెళ్లారు. పులికాట్‌లో డచ్చి సమాధుల మీద చెక్కడాలు చాలా బాగుంటాయి, తప్పకుండా చూడండి. ఓడెక్కించినవాళ్లకి సమాధులు లేవని కూడా గుర్తుంచుకోండి.

కరువు పేరు లేని కాలువ

తీరానికి సమాంతరంగా, సముద్రానికి కాస్త లోపల, ఒక నీటి గీత పోతుంటుంది. బకింగ్‌హామ్ కాలువ. ఫొటోలకి బాగుంటుంది: పాత లాకులు, మడచెట్లు, కొంగలు. 1806లో మద్రాసు దగ్గర కాక్రేన్ అనే వ్యాపారి మొదలుపెట్టిన చిన్న కాలువ ఉత్తరానికి దశలు దశలుగా పెరిగి దుగరాజపట్నం, కృష్ణపట్నం మీదుగా పెదగంజాం చేరి కృష్ణా కాలువలతో కలిసింది. ఒకప్పుడు కాకినాడలో ఎక్కిన సరుకు సముద్రం ముట్టకుండా మద్రాసులో దిగేది. బియ్యం, ఉప్పు, గుల్లసున్నం, కట్టెలు. మద్రాసు వంటిళ్లకి చాలాకాలం శ్రీహరికోట అడవి కట్టెలు ఈ కాలువ మీదే వెళ్లాయి.

1876–78లో దక్షిణ భారతాన్ని ఊడ్చేసిన కరువు వచ్చింది. మనవాళ్లు దాన్ని ధాత కరువు అన్నారు. లక్షల మంది పోయారు. ఆ కరువులో కూలికి వచ్చినవాళ్ల చేత మద్రాసు నగరంలో అడయారు, కూవం నదుల్ని కలిపే ఎనిమిది కిలోమీటర్ల ముక్క తవ్వించారు. ఆ కాలంలోనే రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలిని రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణాకి కుదించాడు. పౌను అంటే అరకేజీ కన్నా తక్కువ. దానితో రోజంతా మట్టి మొయ్యాలి. మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు ఆ కోతని వ్యతిరేకించినవాడే. కాలువకి ఆయన పేరు పెట్టారు. తవ్వినవాళ్ల గుర్తు ఆ పేరులో లేదు.

రైలూ, తర్వాత లారీలూ వచ్చాక కాలువ పని తగ్గింది. 1960లు, 70ల తుఫానులు దాన్ని ఇంకా పూడ్చాయి. ఇప్పుడు నిశ్శబ్దంగా ఉంది. 2004 సునామీలో సముద్రం లోపలికి వచ్చినప్పుడు చాలా చోట్ల ఆ నీటిని ఈ కాలువ మింగి, వెనకున్న ఊళ్లని కొంత కాపాడింది. ఎవరూ అడక్కుండానే చేసిన పని అది.

రాకెట్లకి కావలసిన శూన్యం

1969లో విక్రమ్ సారాభాయ్ రాకెట్లకి కొత్త చోటు వెతుకుతున్నప్పుడు శ్రీహరికోట దీవిని ఎంచుకున్నారు. లెక్క స్పష్టమే. భూమి పడమటి నుంచి తూర్పుకి తిరుగుతుంది కాబట్టి తూర్పు వైపు ఎగిరే రాకెట్‌కి ఆ వేగం ఊరికే కలిసొస్తుంది. తూర్పున సముద్రం, ఏం రాలినా నీళ్లలోనే రాలుతుంది. భూమధ్యరేఖకి మరీ దూరం కాదు. జనాభా తక్కువ. 1971 అక్టోబర్ 9న మొదటి రోహిణి రాకెట్ లేచింది. అంతరిక్ష కేంద్రం చేతిలో ఇప్పుడు 43,360 ఎకరాలు, 50 కిలోమీటర్ల తీరం ఉన్నాయి. అంటే పాత జిల్లా తీరంలో సుమారు మూడో వంతు.

పై లెక్కలో 'జనాభా తక్కువ' అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. తక్కువ అంటే సున్నా కాదు. శ్రీహరికోట యానాదుల దీవి. 1835లో ఆ దీవి ప్రభుత్వం చేతికి వచ్చినప్పటి నుంచీ తేనె, లక్క, కట్టెలు, వేర్లు, మూలికలు సేకరించి సర్కారుకి ఇచ్చింది వాళ్లే. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద రాసిన సంపుటాల్లో యానాదులకి చాలా పేజీలిచ్చాడు. ఏ ఆకు దేనికి మందో వాళ్లకి తెలిసినంత ఎవరికీ తెలియదని రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నెల్లూరుకి చెందిన వెన్నెలకంటి రాఘవయ్య జీవితమంతా వాళ్ల మధ్య పనిచేసి, 1962లో వాళ్ల మీద ఒక పుస్తకమే అచ్చువేశారు. ఇప్పటికీ నెల్లూరు ప్రాంతంలో గిరిజనుల్లో యానాదులే ఎక్కువ.

రాకెట్ కేంద్రం వచ్చాక దీవిలోని ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొందరు యానాదులు దీవిలోనే కేంద్రం కూలిపనుల్లో కుదిరారు, చాలామంది బయటికొచ్చి చెరువు గట్ల మీద, కాలువ ఒడ్డున, రైతుల పొలాల పక్కన గుడిసెలు వేసుకున్నారు. అడవి తెలిసినవాళ్లు రొయ్యల గుంటలకి కాపలాదారులయ్యారు. చంద్రయాన్ లేచిన చోటు గురించి గర్వపడొద్దని నేను అనడం లేదు. 2023 జులై 14న అందరిలాగే నేనూ స్క్రీన్‌కి అతుక్కుపోయి చూశాను. కానీ ఆ చోటు 'ఖాళీగా దొరికింది' అని మనం పిల్లలకి చెప్పే కథలో ఒక వాక్యం తక్కువ పడుతోంది.

ఇంకో పర్యవసానం కూడా ఉంది. అడుగు పెట్టనివ్వని చోటు కాబట్టి శ్రీహరికోటలో అడవి మిగిలింది. బయట అంతటా పోయిన పొడి సతత హరితారణ్యం, కంచె వెనక బతికి ఉంది. అదే సమయంలో సూళ్లూరుపేట నుంచి దీవికి పులికాట్ మధ్యగా వేసిన రోడ్డు సరస్సుని రెండుగా చీల్చింది. తూములున్నా నీటి రాకపోకలు తగ్గాయి, రోడ్డుకి ఉత్తరాన సరస్సు తొందరగా ఎండుతోంది. డిసెంబర్, జనవరిలో మీరు ఫ్లెమింగోల్ని చూసేది ఈ రోడ్డు మీద కారు ఆపుకునే. చూడ్డానికి వీలు కల్పించిందీ, చూడాల్సిన సరస్సుని ఇబ్బంది పెట్టిందీ ఒకటే రోడ్డు.

మరి ఏం చూడాలి?

అన్నీ చూడండి. మైపాడు నెల్లూరుకి పాతిక కిలోమీటర్లు, పొద్దున్నే వెళితే సూర్యోదయం దొరుకుతుంది. అక్కడి ఇసకలో 1930లో ఉప్పు సత్యాగ్రహులు ఉప్పు వండారని తెలిసి వెళ్లండి. దారిలో పెన్నా ఒడ్డున పల్లిపాడు ఉంది. పొణకా కనకమ్మ ఇచ్చిన భూమిలో, 1921 ఏప్రిల్ 7న గాంధీ ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహాశ్రమం అక్కడే. మొహర్రం రోజుల్లో వెళ్లగలిగితే నెల్లూరు స్వర్ణాల చెరువులో రొట్టెల పండగ చూడండి. బారాషహీద్ దర్గా దగ్గర మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఒకరి కోరిక రొట్టె ఇంకొకరు తీసుకుంటారు. ఎవరి మతం ఏమిటని అక్కడ ఎవరూ అడగరు.

బీచ్ వెనక సరుగుడు తోట అందంగా ఉంటుంది. ఆ చెట్టు పందొమ్మిదో శతాబ్దంలో ఇంధనం కోసం తెచ్చి నాటిన పంట అనీ, ఇప్పుడు ఎక్కువగా కాగితం గుజ్జుకి పోతుందనీ తెలిస్తే అందం తగ్గదు. రోడ్డుకి రెండు వైపులా తిరుగుతున్న ఏరేటర్లు కనిపిస్తాయి. 1990ల్లో ఇక్కడ వరిపొలాలు, ఉప్పు కయ్యలు రొయ్యల గుంటలయ్యాయి. 94–95లో తెల్లమచ్చ వైరస్ ఎంతోమందిని ముంచింది. 1996లో తీరప్రాంత గుంటల్ని తొలగించమని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2009 తర్వాత వెనామీ రకం వచ్చి మళ్లీ నిండాయి. ఖాళీ తీరంలో నిజానికి ఖాళీ జాగా తక్కువ.

బయల్దేరేముందు స.వెం. రమేశ్ 'ప్రళయకావేరి కథలు' చదవండి. ప్రళయకావేరి అంటే పులికాటే. ఆ సరస్సులోని దీవులు, పిట్టలు, చేపలు, గడ్డి మొక్కలు ఒక్కోదానికీ ఒక్కో తెలుగు పేరుంది అందులో. మనం 'వాటర్ బర్డ్స్' అని ఒక్క మాటతో దాటేసే వాటికి అక్కడి మనుషులు విడివిడిగా పేర్లు పెట్టుకున్నారు. పేర్లు అన్ని ఉన్న చోటుని ఖాళీ అనడం కష్టం.

ఇక చివరగా ఒక చిన్న పని. పట్టపు వాళ్ల పల్లెలో దిగినప్పుడు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి ఆ రోజుల్లో అయితే మనుషులు ఒడ్డునే వలలు బాగుచేసుకుంటూ తీరిగ్గా దొరుకుతారు. వాళ్ల మాటలో తమిళం, తెలుగు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. "మొగ ఇప్పుడెక్కడ తెగింది అన్నా?" అని అడగండి. వాళ్లు చేత్తో చూపిస్తారు. నిరుడు ఎక్కడుండేదో కూడా చెబుతారు, వాళ్ల నాన్న కాలంలో ఎక్కడుండేదో కూడా. ఈ తీరం చరిత్రని రెండు వేల ఏళ్లుగా రాస్తున్నది ఆ ఇసకే, దాన్ని ఇప్పటికీ ప్రతిరోజూ చదువుతున్నది వాళ్లే.